మఱపు వ్యాధి - చేతిపని

మా ఉద్దానపు పల్లెలలో ముసలివారిని గూర్చి మాటలాడునపుడు "ఆవిడకి మతి పోయింది" అను మాట తఱచుగ వినబడును. ఆ మాటతో విచారణ ముగియును. వైద్యునికి చూపుట లేదు. ఇంటిలో నేమి చేయవలెనను నాలోచన లేదు. ముసలమ్మను మంచముమీద కూర్చుండబెట్టి, వేళకింత అన్నము పెట్టి, వీధి తలుపునకు గడియ వైచి యుంచుటయే మన మెఱిగిన యుపచారము. ఇట్టివారికి చేయదగిన మేలు మఱియొకటి కలదనియు, అది మందుల యంగడిలో గాక మన వసారాలోనే దొరకుననియు చెప్పుట నేటి ప్రసంగమున కుద్దేశము. నేను వైద్యుడను గాను. టెక్కలి, పలాస ప్రాంతముల బడులలో ముప్పదియైదేండ్లు తెలుగు చెప్పి విరమించిన పండితుడను. ఈ వ్యాధి మా యింట నాలుగేండ్లకు పైగా నుండెను. అందు నేను చేసిన తప్పును, దానిని నా భార్య దిద్దిన విధమును దాచక చెప్పెదను.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొందము. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. జ్ఞాపకము, మాట, దారి తెలియుట, పనుల క్రమము క్రమముగ సడలి, మనిషి తన దినచర్యకు ఒరులపై నాధారపడు స్థితికి ఆ పేరు. ఈ స్థితిని కలిగించు రోగములు పెక్కు. వానిలో హెచ్చుగ కనబడునది అల్జీమరు వ్యాధి. జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ అల్జీమరు 1906వ సంవత్సరమున ట్యూబింగెన్ నగరమందలి వైద్యుల సభలో ఒక స్త్రీ వృత్తాంతమును వినిపించెను. ఆమె యేబదియొక్క యేండ్ల ప్రాయమున ఆసుపత్రిలో చేరినది. తన పేరు వ్రాయుటకు మొదలిడి నడుమ మఱచిపోయెడిది. ఆమె మరణానంతరము మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, కణములు నశించుటయు, వాని నడుమ వింత పదార్థము పేరుకొని యుండుటయు కనబడెను. 1910లో క్రేపెలిన్ అను వైద్యాచార్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమరు పేరు పెట్టెను. మెదడులోని రక్తనాళములు పూడుకొనుటవలన వచ్చు రకము మఱియొకటి కలదు. రక్తపోటును మధుమేహమును అదుపులో నుంచుకొననివారికి దాని భయ మెక్కువ.

2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశమున అఱువదేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా ఈ స్థితిలో నున్నారు. మొత్తము సుమారు 88 లక్షల మంది. పురుషులకంటె స్త్రీలలో, పట్టణములకంటె పల్లెలలో ఇది హెచ్చని ఆ పరిశీలనయే తెల్పినది. అనగా నిది యెక్కడనో నగరములలోని గొప్పవారి రోగము గాదు. మన పల్లెలలోని తల్లుల రోగము.

ఇక నసలు సంగతి. పూర్వానుభవమువలన మనలో నొక సంస్కారము నిలుచుననియు, అది మేల్కొన్నపుడు పుట్టు జ్ఞానమే స్మృతి యనియు మన తార్కికులు చెప్పుదురు. చిన్నతనమున గురువుగారి యొద్ద ఈ భాగము చదువుకొన్నపుడు స్మృతికిని సంస్కారమునకును గల భేదము నాకు మాటలలో మాత్రమే తెలిసినది. మా తల్లిని చూచిన తరువాత కన్నులార తెలిసినది. నేటి వైద్యులును దాదాపు అట్టి భేదమునే చెప్పుచున్నారు. నిన్న మొన్న జరిగిన సంగతులను పట్టియుంచుటకు హిప్పోకాంపసు అను మెదడు భాగ మాధారము. అల్జీమరు వ్యాధి తొలుత దెబ్బతీయువానిలో నది యొకటి. ఏండ్ల తరబడి చేసి చేసి చేతికి పట్టుబడిన పనులు మెదడు లోపలి వేఱు భాగములను, చిన్నమెదడును ఆశ్రయించి యుండును. అవి చాలకాలము నిలుచును. కనుకనే ఉదయము గంజి త్రాగినట్లు గుఱుతులేని ముసలమ్మ, చేట చేతి కిచ్చిన తోడనే తప్పులేకుండ చెఱుగగలదు.

మా తల్లి ఉద్దానపు రైతుబిడ్డ. ఉద్దానమనగా ఉద్యానమే యని పెద్దలందురు. కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలో పుట్టి ఆ నీడలోనే ముసలిదైనది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరమును దాటెను. తెల్లవారి చూతుము గదా, మా తాతనాటి కొబ్బరితోట నేలబడి యున్నది. అప్పటికే మా తల్లికి మఱపు మొదలైనది. తుపాను తరువాత నామె ప్రతిదినము పెరటి తలుపు తీసి, ఆ బయలు చూచి, "చెట్లేటయిపోనాయిరా?" యని యడిగెడిది. "తుపానుకు పడిపోయినాయమ్మా" యని నేను చెప్పుదును. ఆమె గుండె బాదుకొని యేడ్చును. కొంతసేపటికి మఱచును. మఱల తలుపు తీయును, మఱల నడుగును. ఆమెకది ప్రతిసారియు క్రొత్త వార్తయే. సత్యము చెప్పుచున్నానను తృప్తితో నేను దినమునకు పదిమాఱులు ఆమె తోటను పడగొట్టుచుంటిని.

2019లో నేను పదవీవిరమణ చేసితిని. తీరిక దొరకగానే నాలోని బడిపంతులు మేల్కొన్నాడు. ఉదయమే ఆమె యెదుట కూర్చుండి, నేనెవడను, ఇదే మాసము, నీ మనుమల పేర్లేమి యని ప్రశ్నించెడివాడను. తప్పు చెప్పినచో దిద్దెడివాడను. వల్లెవేసినచో జ్ఞాపకము బలపడునని నా నమ్మకము. కొన్ని వారములకు, నన్ను చూడగానే ఆమె మొగము గోడవైపు త్రిప్పుకొనుట మొదలిడెను. ఒకనాడు నా భార్య అది చూచి, "ఆవిడకి పరీక్ష పెట్టకండి. పని పెట్టండి" అనెను.

ఆ మధ్యాహ్నమే ఆమె పొరుగువారి తోటలో మిగిలిన చెట్లనుండి రాలిన కొబ్బరిమట్టలు రెండు ఈడ్చుకొని వచ్చి వసారాలో వైచి, "అత్తా, ఇంట్లో చీపురు లేదు. ఈనెలు తీసి పెట్టవా" యనెను. అందులో ప్రశ్నలేదు, పరీక్షలేదు. మా తల్లి ఒక యాకు తీసికొని, రెండు ప్రక్కలను చీల్చి, ఈనెను వేఱుచేసి ప్రక్కన నుంచెను. తరువాత నింకొకటి తీసికొనెను. గంటసేపు ఆ చేతులు ఆగలేదు. ఆనాడు సాయంకాలమువఱకు పెరటి తలుపు తెఱచుకొనలేదు.

నాలుగు దినములకే వీధిలో మాట పుట్టెను. "ఎనభై దాటిన తల్లిచేత చీపుళ్ళు కట్టించుచున్నారు. పంతులుగారి పింఛను చాలలేదు కాబోలు" ననిరి. నేను సిగ్గుపడితిని. ముసలి తల్లికి విశ్రాంతి నిచ్చుటయే పుత్రధర్మమని నేనును తలచినవాడనే. ఆకులన్నియు ఎత్తి పెరటిలో పాఱవైచితిని. రెండు దినములలో తలుపు, ప్రశ్న, ఏడ్పు అన్నియు తిరిగి వచ్చినవి. మూడవనాడు ఆ యాకులను నేనే ఏఱి తెచ్చి యామె యెదుట నుంచితిని.

శ్రోతలారా, వీధివారి మాటలో నొక న్యాయము లేకపోలేదు. ముసలివారిచేత మన లాభమునకు పని చేయించుట పాపమే. కాని బ్రతుకంతయు పనితో తన్ను తానెఱిగిన మనిషికి, పనియంతయు తీసివైచి మంచము నిచ్చుట విశ్రాంతి కాదు. అలసినవాని కది విశ్రాంతి. అలసట లేనివాని కది చెఱ. ఏమియు తోచని ఆ ఖాళీ సమయముననే భయము, అనుమానము, ఇల్లు విడిచి పోవుట, కేకలు పుట్టుచుండును. వానిని మనము మొండితన మందుము.

ఇది మా యొక్క యింటి యనుభవము మాత్రమే కాదు. ఇంగ్లండు దేశమున 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఇట్టి రోగులను చిన్న గుంపులుగ కూర్చి, వారమునకు రెండుమాఱుల చొప్పున ఏడు వారములు, మొత్తము పదునాలుగు కూటములు నడిపిరి. పాటలు, ఆటలు, వంటకములను గూర్చిన ముచ్చటలు, వస్తువుల నేఱి చేర్చుట వారి పాఠములు. 201 మందిపై జరిగిన ఆ పరిశోధనలో, కూటములకు వచ్చినవారికి తెలివియందును, జీవితమందలి తృప్తియందును కొంత మేలు కనబడెను. అమెరికాలో 2008లో అఱువది కుటుంబములతో వేఱొక పద్ధతిని పరీక్షించిరి. శిక్షణ గలవారు ఇండ్లకు పోయి, ఆ మనిషి పూర్వ మేమి చేసెడివాడు, ఇపుడేమి చేయగలడు అని పరిశీలించి, తగిన పనిని నిర్ణయించి, ఇంటివారికి దానిని నడుపుట నేర్పిరి. రోగుల యలజడి తగ్గినది. ఇంటివారు కావలి యుండవలసిన గంటలును తగ్గినవి. ఇందేదియు రోగమును కుదుర్చునది గాదు. మెదడులో జరుగుచున్న క్షయమును ఈనెల కట్ట ఆపలేదు. రోగ ముండగనే ఆ దినము మంచి దినమగుటకు మాత్ర మిది తోడ్పడును.

పని నెన్నుకొనుట యెట్లు? మొదటి సూత్రము, అది వారి చేతి కెఱుకైన పని కావలెను. నౌపడా ఉప్పుమళ్లలో పనిచేసినవానికిని, భావనపాడు సముద్రమున వల వేసినవానికిని ఒకే పని పనికిరాదు. జాలరికి పాత వల యొకటి యిచ్చి చిక్కులు తీయుమనవచ్చును. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు ఏఱిన యామెకు గుండు, బద్ద, నూక కలిపిన పళ్ళెమిచ్చి వేఱుచేయుమనవచ్చును. గృహిణికి బియ్యములో రాళ్ళేఱుట, చింతపండు గింజ తీయుట, పూలు గుచ్చుట, ఉతికిన బట్టలు మడచుట కలవు. గుమాస్తాగ పనిచేసినవానికి పాత కాగితములు సర్దుట యుండవచ్చును. పసిపిల్లల ఆటబొమ్మ లిచ్చుట వలదు. వారు బుద్ధి సన్నగిల్లినవారే గాని పిల్లలు గారు.

రెండవది, పనిని చిన్న తుంటలుగ చేయవలెను. "పులుసు చేయి" అన్నచో పది మెట్లున్నవి, నడుమ తప్పుదురు. "ఈ వంకాయ తుడిచి యిటు పెట్టు" అన్న నొక మెట్టే. నోటితో చెప్పుటకంటె మనము చేసి చూపుట మేలు. మూడవది, దిద్దరాదు. బియ్యము క్రింద పోసిన నెత్తుకొందము. చీపురు వదులుగ కట్టిన నేమి? పని ఫలమును కొలువరాదు. పని చేయు మొగమును చూడవలెను. నాలుగవది, విసుగు కనబడిన తోడనే మానవలెను. ఇరువది నిమిషములు చాలును. రోజును ఒకే వేళకు జరిగినచో మంచిది. పలువురికి ప్రొద్దు గ్రుంకువేళ కలవరము హెచ్చును గనుక, ఆ వేళకు ముందే చేతికి పని యందునట్లు చూచుకొనవలెను.

మాటయు నొక పనియే. ఇచ్ఛాపురము, సోంపేట ప్రాంతముల పెద్దలు పెక్కుమంది తెలుగును ఒడియాను సమముగ పలుకుదురు. హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితములలో, రెండు భాషలు వాడినవారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ కనబడెనని తేలినది. చదువురానివారియందును ఇట్లే యుండెను. మన సరిహద్దు పల్లెల కిది సంతోషవార్త. వ్యాధి వచ్చిన పెద్దలు హఠాత్తుగ చిన్ననాటి భాషలో మాటలాడినచో వారి నాపక, తెలిసినవారిని పిలిచి ముచ్చటలాడించవలెను.

చెట్ల ప్రశ్నకు నా భార్య యేమని జవాబు చెప్పెడిదో కూడ వినుడు. మా తల్లి "చెట్లేటయిపోనాయి" అన్నపుడు ఆమె, "ఏ చెట్టు కాయ తియ్యగా ఉండేదత్తా?" యని యడిగెడిది. మా తల్లి నూతిప్రక్క చెట్టును గూర్చి చెప్పుటకు మొదలిడెడిది. ఇందసత్యము లేదు. నేను సంగతికి జవాబు చెప్పితిని. ఆమె దుఃఖమునకు జవాబు చెప్పెను.

ఇపుడు పోషించువారిని గూర్చి చెప్పవలెను. లోకమున ఈ రోగులకు జరుగు సేవా గంటలలో నూటికి డెబ్బది స్త్రీలవే యని ప్రపంచారోగ్యసంస్థ లెక్క కట్టినది. మా యింట నూటికి నూఱును నా భార్యవే. రెండేండ్లు ఆమె తన పుట్టింటి అమ్మవారి పండుగకు పోలేదని, మూడవయేట ఆమె తమ్ముడు వచ్చి చెప్పువఱకు నేను గమనించలేదు. నాడు సిగ్గుపడి, సాయంకాలము నాలుగు మొదలు ఆఱువఱకు తల్లి భారము నాదే యని మాట యిచ్చితిని. ఏమి చేయుదును? ఆమెతోపాటు వసారాలో కూర్చుండి ఈనెలు తీసితిని. నా చేతులు సుద్దముక్క పట్టిన చేతులు. ఈనె నడుమ విఱిగెడిది. ఆమె నా చేతిలోని యాకు లాగుకొని, "అలాగ కాదు బాబూ. ఎవరబ్బాయివి? పని నేరపలేదేటి మీ యమ్మ?" అనెను. ఆమెకు నేను కుమారుడనని తెలియదు. అయినను చేయి పట్టి నేర్పెను. అంతకుముందు నన్ను చూచి గోడవైపు తిరిగిన మొగమే అది. ఆ సంవత్సరము నా భార్య పుట్టింటికి పోయి రెండు రాత్రులుండి వచ్చినది.

గోవాలో 2008లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, 81 కుటుంబముల ఇండ్లకు వైద్యులు గాని సామాన్య కార్యకర్తలే శిక్షణ పొంది వెళ్లి, రోగమును గూర్చి తెల్పి, సలహాలు చెప్పి, ఇంటివారి గోడు వినిరి. పోషించువారి మనోవేదన తగ్గెనని తేలినది. మా ఉద్దానమున ఈ సాయ మెక్కువ యవసరము. మూత్రపిండముల వ్యాధి యింటింటిని పట్టిన సీమ యిది. ఒకే స్త్రీ భర్తను డయాలిసిస్‌కు తీసికొనిపోవుచు, ఇంట అత్తను కాచుకొను స్థితి కలదు. కొడుకులు విశాఖపట్టణమందో, దూరదేశమందో కూలికి పోయియుందురు. అట్టి యింటికి పోయి, "వదినా, గంటసేపు నేను కూర్చుందును, నీవు పడుకో" అనుట గొప్ప దానము. ప్రతి పల్లెలోను రామమందిరపు వసారా కలదు. వారమునకు రెండు సాయంకాలములు ఇట్టి పెద్దలను నలుగురిని అచ్చట కూర్చుండబెట్టి పాటలు పాడించుటకు, పూలు గుచ్చించుటకు ఏ ధనమును అక్కఱలేదు.

కొన్ని హెచ్చరికలు చెప్పి ముగించెదను. మఱపు కనబడగానే ముందు వైద్యునికి చూపవలెను. బి12 విటమిను కొఱత, థైరాయిడు లోపము, మనోవ్యాకులత, కొన్ని మందులు కూడ మఱపును తెచ్చును. అవి చికిత్సకు లొంగునవి. మూత్రపిండములు చెడి రక్తమున మలినములు పెరిగినను బుద్ధి కలగును. కనుక మన ప్రాంతమున క్రియాటినిను పరీక్ష తప్పక చేయింపవలెను. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధులకు రెండువందల పడకల ఆసుపత్రి వెలసినది. ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగ కలవరము పుట్టినచో నది జ్వరమో, మఱియొక తీవ్రవ్యాధియో కావచ్చును, ఆలస్యము చేయరాదు. పని యిచ్చునపుడు కత్తి, నిప్పు, నుయ్యి దూరముగ నుండవలెను. జీడిపిక్కల పెంకులోని రసము చర్మమును కాల్చును గనుక పచ్చి పిక్క లియ్యరాదు. జేబులో పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసిన చీటి యుంచవలెను. వృద్ధుల సహాయమునకు 14567, పోషించువారి మనోవేదనకు 14416 అను సంఖ్యలకు ఫోను చేసి మాటలాడవచ్చును.

మా తల్లి 2022లో గతించినది. కడపటి నెలలలో ఈనె తీయుటయు మఱచినది. అపుడు ఒక యాకు చేతిలో నుంచితిమి. వ్రేళ్లతో దానిని నిమురుచుండెడిది. తరువాత నదియు లేదు. ఆమె కట్టిన చీపుళ్ళు రామమందిరమునకు, బడికి, ఇరుగుపొరుగుల కిచ్చితిమి. మొదట నిందించిన యిల్లాలే తరువాత వచ్చి ఒకటి యడిగి తీసికొనిపోయినది. మిగిలిన దొకటి మా వసారాలో నున్నది. కట్టు వదులుగ నున్నను ఊడ్చుటకు పనికివచ్చుచున్నది.

మీ యింట నిట్టి పెద్దలున్నచో, ఈ సాయంకాలము వారి నేదియు అడుగకుడు. ఒక చేటలో దోసెడు బియ్యము పోసి యెదుట నుంచి, మీరును ప్రక్కన కూర్చుండుడు.